గోడ మీది జాజు బండి

మొన్న సాయంత్రం బట్టలు మడత పెడుతుంటే కింది నుంచి ఓనరమ్మ పిలిచింది. ఆమె మంచిగున్నప్పుడు "ఓ పిల్లా" అంటుంది. కోపమొస్తే "పై పోర్షనామె" అంటుంది.

"ఓ పై పోర్షనామే! జర కిందికి రా. గేటు పక్క గోడ జూడు. మొన్ననే గద రంగేయిస్తిని! మీ పాప ఇటుకపెల్లతోని ఏం గీసి పెట్టిందో జూడు."

"చిన్నపిల్ల ఆంటీ. ఇప్పుడే తుడుస్తా."

"తుడిస్తే పోతదా గది? పిల్లలున్నోళ్లకు కిరాయికి ఇయ్యద్దని మా ఆయన మొత్తుకుంటనే ఉన్నడు."

షాద్‌నగర్‌లో మేముండేది రెండు గదుల కిరాయి ఇల్లు. మా ఆయనకు కంపెనీలో షిఫ్టు డ్యూటీ. ఇంట్లో నేను, మా పాప, మా అమ్మ. గోడకు మేకు కొట్టకూడదు, క్యాలెండరు అంటించకూడదు, అగరొత్తి పొగ కూడా తగలకూడదు. అయినా మనసు ఊరుకోదు కదా. పాత చీర అంచులు కత్తిరించి కిటికీకి తెరలు కుట్టుకున్నాను. మంచినూనె డబ్బాకు రంగు దారం చుట్టి అందులో మనీప్లాంటు పెట్టాను. పాప పువ్వుల స్టిక్కర్లు తెచ్చుకుంది. గోడకు వద్దన్నానని బీరువా తలుపు లోపలి వైపు అంటించుకుంది. తలుపు తెరిస్తే తోట, మూస్తే ఏమీ లేదు. అట్లా దాచుకుని మురిసిపోవడం కిరాయి ఇళ్లవాళ్లకు అలవాటే.

తడిగుడ్డ పట్టుకుని కిందికి దిగాను. గేటు పక్కన, మనిషి కూర్చుంటే చేయి అందేంత ఎత్తులో, ఇటుకపెల్లతో గీసిన మోపెడ్ బండి బొమ్మ. హ్యాండిలుంది, ముందర రెండు బస్తాలున్నాయి. ముందు చక్రం గుండ్రంగానే ఉంది. వెనుక చక్రం మాత్రం అడుగున అణిగిపోయి ఉంది, గాలి పోయినట్టు.

మా పాప బండి గీస్తే నా గాజు తీసుకుని చుట్టూ పెన్సిలు తిప్పుతుంది. దాని బండ్లకు ఎప్పుడూ నిండా గాలి ఉంటుంది.

నేను తుడవలేకపోయాను. గుడ్డ చేతిలోనే ఉంది, నా మనసు మాత్రం మా ఊరికి పోయింది.

నాకు చదువు ఏడో తరగతితోనే ఆగిపోయింది. గొప్పగా రాయడం రాదు. కానీ మా అమ్మ ఏ పండుగకు ఏ గోడ మీద ఏం వేసిందో అడగండి, కళ్లు మూసుకుని చెప్తాను. ఆ గోడలు ఇప్పుడు లేవు. ఆ ఊరు కూడా లేదు.

పాలమూరు వైపు గుట్టల నడుమ ఉండేది మా ఊరు. మాది మట్టిగోడల పెంకుటిల్లు. పెత్రమాస దగ్గరికొస్తుందంటే, అంటే బతుకమ్మ మొదలయ్యే ముందు, మా అమ్మ చేతులకు దురద పుట్టేది. మిగతా ఏడాదంతా ఆమె కలుపులో, మిరపచేనులో, పొయ్యి ముందర ఉండేది. ఆ వారం రోజులు మాత్రం గోడల ముందర ఉండేది. వాగు ఒడ్డు నుంచి ఎర్రమన్ను తెచ్చి, పేడ కలిపి తొక్కేది. పగుళ్లు పూడ్చేది. ఆరినాక సున్నం. సున్నం ఆరినాక జాజు.

జాజు అంటే ఎర్రటి మట్టిగడ్డ. మా నాయిన సంత నుంచి తెచ్చేవాడు. అమ్మ దాన్ని నూరి, తుమ్మ బంక కరిగించి కలిపేది, గోడకు గట్టిగా పట్టాలని. ఆ వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. తొలి వాన పడిన నేల, కాస్త పొగ, కాస్త పాత ఇనుము, అన్నీ కలిసిన వాసన. ఈత పుల్ల కొసను నమిలి కుంచె చేసుకునేది. పళ్లన్నీ ఈతపీచు. మాట్లాడితే ఊస్తూ మాట్లాడేది.

నేనేమో తలుపు వెనక చేరి తడిగోడను నాకేదాన్ని. నవ్వకండి. కొత్తగా పూసిన మట్టి రుచి తెలిసినవాళ్లకే తెలుస్తుంది. గోటితో గీకి ఇంత చప్పరించేదాన్ని. అవ్వ, అంటే మా నాయిన తల్లి, నన్ను పట్టుకుని నోట్లో వేలు పెట్టి కక్కించేది.

"ఓ పిల్లా, నీ బిడ్డ ఇల్లు తింటాంది! గిట్లనే తింటె దసరాకు మనం చెట్టు కింద పండాలె."

"తిననియ్యత్తా. నేను మళ్ల పూస్త" అనేది అమ్మ, గోడ మీది నుంచి చూపు తిప్పకుండా.

ఆ రోజుల్లో మా ఇంట్లో సీతాఫలాలు గడ్డిలో మాగుతుండేవి. గుట్ట మీద కోసుకొచ్చినవి. పొయ్యిలో కాయ పడేసి కాల్చుకుంటే నల్లటి తోలు లోపల వెన్నలాంటి గుజ్జు. గోడ పని నడిచే రోజుల్లో వంట మీద ఎవరికీ ధ్యాస ఉండదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, కాల్చిన సీతాఫలం. అంతే. నాకదే పండుగ.

గడప పక్క గోడ మీద అమ్మ ప్రతి ఏడూ చిలుకలు, ఈతచెట్లు వేసేది. ఒక ఏడు మా నాయిన పాత మోపెడ్ కొన్నాడు. ఆ ఏడు చిలుకల జాగాలో బండి వచ్చింది. బండి మీద నాయిన, వెనుక అమ్మ. తలలు రెండూ పొద్దుతిరుగుడు పువ్వుల్లా ఉన్నాయి.

నాయిన పొలం నుంచి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఏందే గిది? ఎన్క టైరుకు గాలే లేదు. గీ బండి మీద నిన్ను ఎక్కిచ్చుకొని సంతకు ఎట్ల పోవాలె?"

"ముందర నువ్వు రెండు బస్తాలు ఏస్కుంటివి. ఎన్క నేను గూసుంటి. టైరు అణగదా మరి?"

అవ్వ పల్లీలు ఒలుస్తూ అందుకుంది. "బస్తాల తప్పు కాదు బిడ్డా. గా పిల్ల జర తిండి తగ్గిస్తె టైరు లేస్తది."

నాయిన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. అప్పటి నుంచి ప్రతి ఏడూ గోడకు సున్నం పడగానే "ఈ ఏడన్న గాలి కొట్టుండ్రి" అనేవాడు. అమ్మ ప్రతి ఏడూ టైరు అణిచే వేసేది. ఊళ్లో ఎవరైనా మా ఇంటికి తొవ్వ అడిగితే "గాలి పోయిన బండి బొమ్మ ఉంటది, గా ఇల్లు" అని చెప్పేవారు.

అట్లా ఒక ఏడు వేసిన గోడే మా నాయినకు చివరి దసరా గోడ అయింది. దీపావళి పోయినాక ఒక పొద్దున "మోటరు పెట్టొస్త, రొట్టె కాల్చు" అని పోయాడు. తడిచేతితో స్టార్టరు డబ్బా ముట్టుకున్నాడు. రొట్టె పళ్లెంలోనే చల్లారింది. సాయంత్రానికి మా చిన్నాయన బండిని తోసుకొచ్చి గోడకు ఆనించాడు. బొమ్మ కిందనే.

ఆ తర్వాత ఊరి మీద ఇంకో మాట పడింది. మా ఊరు ఉన్నచోట పెద్ద చెరువు కడతారని, చుట్టు ఊర్లన్నీ లేపుతారని. బోరు మీద బోరు వేసి ఎండిపోయిన ఊరు మాది. నీళ్లొస్తున్నాయంటే మొదట అందరూ సంబరపడ్డారు. ఆ నీళ్లు పొలాల్లోకి కాదు, ఇళ్ల మీదికి అని నెమ్మదిగా అర్థమైంది.

"గుక్కెడు నీళ్లకు బిందె పట్టుకొని తిరిగి తిరిగి మోకాళ్లు అరిగె" అనేది అవ్వ అరుగు మీద కూర్చుని. "అప్పుడు ఇయ్యలే. ఇప్పుడు ముంచేటన్ని ఇస్తమంటున్నరు."

దసరా కాగానే ఊరు ఖాళీ చేయాలన్నారు. గుట్టవతల కాలనీ కట్టారట, అక్కడికి పోవాలట. మా నాయిన ఏడాది మాసికానికి ఇంకా సమయముంది. ఆ లోపలే ఇల్లు పోతుంది.

పెత్రమాస ముందర ఆడవాళ్లంతా బోరింగు కాడ చేరి పంచాయితీ పెట్టుకున్నారు.

"మునిగే గోడకు జాజెందుకే? ఎవరు జూస్తరు, చాపలా?"

"ఓసి, పిల్లను అత్తగారింటికి తోలేటప్పుడు నెత్తి దువ్వకుండ తోల్తమా? ఇల్లు గూడ గంతే."

ఆ మాట అందరికీ తగిలింది. ఆ ఏడు ఊళ్లో ఎన్నడూ లేనంత జాజు పడింది. సున్నం తగలని గోడలకు కూడా సున్నం తగిలింది. పశువుల కొట్టాలకు కూడా పువ్వులు వేశారు. పోయే ఊరు పెళ్లికూతురులా తయారైంది.

మా ఇల్లొక్కటే బోడిగా నిలబడింది. చావు జరిగిన ఇంటికి ఏడాది తిరగందే సున్నం వేయరు, జాజు ముట్టరు. అది అందరికీ తెలిసిందే. కానీ మా అమ్మ చేతులు ఊరుకోలేదు. పొయ్యి బూడిదలో వేలితో గీసి చెరిపేది. రొట్టె పిండి మీద చిలుకను గీసి, పిడికిలితో అణిచి కాల్చేది. చాటలో బియ్యం ఏరుతూ బియ్యంతోనే చక్రాలు పేర్చేది. ఎవరైనా వస్తే గబుక్కున కలిపేసేది.

ఒకరోజు అమ్మ పోయి అవ్వ ముందర కూర్చుంది.

"అత్తా, ఒక్క మాట. గోడకు సున్నం వద్దు. చిలుకలొద్దు. బండి బొమ్మ ఒక్కటి దిద్దనియ్యి."

"ఏడాది కాలే."

"తెలుసు."

"తెలిసి అడుగుతున్నవా? ఏడాది దాక మనిషి ఇంటి సుట్టే తిరుగుతడు పిల్లా. వాడు పోయేనాడు ఇల్లు ఎట్లున్నదో గట్లనే ఉండాలె. రంగు మారిందనుకో, ఇది నా ఇల్లు కాదని గడప కాన్నుంచే తిరిగిపోతడు. నా కొడుకును తిరగగొడతవా?"

"అత్తా, నువ్వు బొమ్మను జూసినవా? వానకు కారిపోయింది. బండి లేదు, మనిషి లేడు, ఉత్త మరకున్నది. గా మరకను జూసి ఏం గుర్తువడతడు? నేను దిద్దకపోతెనే తిరిగిపోతడు."

"వద్దు."

"టైరు గూడ గట్లనే ఏస్త. గాలి లేకుండనే ఏస్త."

"వద్దంటి గద!"

ఇద్దరికీ కావాల్సింది ఒకటే. ఆయన ఇల్లు గుర్తుపట్టాలి. ఒకరు ముట్టకుంటే గుర్తుపడతాడంటారు, ఒకరు దిద్దితే గుర్తుపడతాడంటారు. మధ్యన నేను.

మా పక్కింట్లో బూబమ్మ ఉండేది. గాజులమ్మే ఆమె. అసలు పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు, అందరికీ బూబమ్మే. వాళ్లింటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ. రంజాన్ నాడు ఆమె సేమియా గిన్నె ఆ గోడ మీది నుంచే మాకు వచ్చేది, దసరా నాడు మా రొట్టె బెల్లం మలీద ముద్దలు అదే గోడ మీది నుంచి పోయేవి. అన్నీ విన్నది ఆమె. అవ్వ గడ్డికి పోయిన సమయం చూసి వచ్చింది.

"చెల్లె, పట్టింపు మీకు. నాకు లేదు గద. జాజు ఇటు తే, నేను ఏస్త."

అమ్మ ఆమె మొహంలోకి చూసింది. "నీకు బండి ఎయ్యొస్తదా అక్కా?"

"గాజులు తొడిగే చెయ్యి. గుండ్రం రాకపోతదా?"

అమ్మ గడప లోపలే కూర్చుంది, జాజు ముట్టకుండా. గిన్నె నేనే అందించాను. బూబమ్మ బుట్టలోంచి పెద్ద గాజు తీసి మరక మీద పెట్టి చుట్టూ వేలు తిప్పింది. ముందు చక్రం ముచ్చటగా వచ్చింది. అదే గాజు వెనక్కి జరిపింది.

"అక్కా అక్కా, ఎన్కది గుండ్రం వద్దు. కింద జర అణగాలె."

"చల్! గాజు అణుగుతదా? పలుగుతది."

"చేతితో ఎయ్యి."

చేత్తో వేసింది. చక్రం కాస్తా గుమ్మడికాయ అయింది. దాని మీద నాయినను వేయబోయింది. నాయిన కోడిపుంజు అయ్యాడు. బూబమ్మ వెనక్కి జరిగి చూసుకుని "యా అల్లా, మీ ఆయనకు తోక మొలిచె!" అంది. అమ్మ నవ్వింది. ఏడాదిగా వినని నవ్వు. గడప పట్టుకుని, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వు ఏడుపులోకి తిరిగే చోట ఆగింది.

ఆ నవ్వు విని అవ్వ వచ్చింది. గడ్డిమోపు నెత్తి మీదే ఉంది. మోపు అక్కడే పడేసింది. పోయి గోడకు వీపు ఆనించి, చేతులు చాపి నిలబడింది. తడి జాజంతా ఆమె రవికెకు, నెరిసిన జుట్టుకు అంటింది.

"ఏస్కోండ్రి ఇగ. ముసలిదాని మీదికెల్లి ఏస్కోండ్రి."

బూబమ్మ వేళ్లు కొంగుకు తుడుచుకుంది. "పెద్దమ్మా, వాడు నాకు తమ్ముడసొంటోడు. చెడ్డకు చెయ్యలే" అని తల వంచుకుని పోయింది.

నాకు అప్పుడు పన్నెండేళ్లుంటాయేమో. అడగాలని అడగలేదు. నిజంగానే తెలియక అడిగాను.

"అవ్వా, నీళ్లొచ్చినంక ఇల్లే ఉండదు గద. మరి నాయిన దేన్ని జూసి గుర్తువడతడు?"

అవ్వ చాపిన చేతులు వాల్చింది. గోడకు ఆనుకునే నెమ్మదిగా కిందికి జారింది. జాజు ఆమె వీపుతో పాటు ఒక పొడుగు చారలా కిందికి వచ్చింది. అమ్మ గడప దాటి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. పొయ్యి మీద రొట్టె మాడిన వాసన వచ్చినా ఇద్దరూ లేవలేదు. వాళ్లిద్దరూ ఏ గోడ కోసం అన్ని రోజులు కొట్లాడారో, అది ఎట్లాగూ నీళ్ల పాలయ్యేదే. అది తెలిసీ కొట్లాడుకున్నారు. కొట్లాడినంతసేపూ ఇల్లు ఉన్నట్టే ఉండేది కదా.

బతుకమ్మ అయింది, దసరా అయింది. ట్రాక్టర్లు వచ్చాయి. బూబమ్మ అచ్చంపేటలో తమ్ముడి దగ్గరికి పోతానని గాజుల బుట్ట నెత్తికెత్తుకుంది. పోయే ముందు నా చేతికి ఎర్ర గాజులు తొడిగింది. అమ్మ చేతిని పట్టుకుంది కానీ ఆ చేతికి తొడగడానికి ఏమీ లేదు. అట్లాగే పట్టుకుని నిలబడి, వదిలి పోయింది.

ఇళ్లకు దర్వాజలు ఊడదీసుకుంటున్నారు. దూలాలు దించుకుంటున్నారు. దర్వాజ లేని ఇల్లు నోరు తెరిచిన మనిషిలా ఉంటుంది, చూడలేం. చిన్నాయన మా దర్వాజ తీసి ట్రాక్టరులో వేశాడు. అప్పుడు అవ్వ అతనితో అంది:

"గా బండి ఉన్న కాడ గోడను గడ్డపారతో కొయ్యి. ముక్కకు ముక్క, పలగకుండ తియ్యి."

"మట్టిగోడ అమ్మా. ముక్కెట్ల వస్తది?"

"కొయ్యి బిడ్డా."

చిన్నాయన చుట్టూ గాడి తవ్వి, ముక్క వెనక చేతులు పెట్టి లాగాడు. వచ్చింది. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో ఎత్తుకున్నాడు కూడా. అవ్వ చీర కొంగు పరిచింది. అంతలోనే నడుమ బీట పడి, అంతా పొడిపొడిగా రాలిపోయింది. ఎక్కడో ఒక పెల్ల మీద ఎర్రగీత, ఒక పెల్ల మీద సున్నం. నేను చిన్న పెల్ల తీసి నోట్లో వేసుకున్నాను. ఆ ఇల్లు ఎక్కడైనా మిగిలి ఉందంటే నా కడుపులోనే.

అవ్వ ఏడవలేదు. ఆ మట్టినంతా గంపకు ఎత్తింది. ట్రాక్టరు ఎక్కమంటే ఎక్కలేదు.

"పేలాలు చల్లుకుంట తీస్కపోయినం గద వాణ్ని. పోయే తొవ్వ మనమే చూపిస్తిమి. వచ్చే తొవ్వ గూడ మనమే చూపియ్యాలె."

గంప నెత్తిన పెట్టుకుని నడిచింది. వెనుక అమ్మ, అమ్మ వెనుక నేను. ప్రతి మలుపు దగ్గరా ఆగి, పిడికెడు మట్టి తీసి నేల మీద వేసేది. పక్కనే మనిషి ఉన్నట్టు మాట్లాడేది.

"ఇటు రా నాయినా. ఇగో, తుమ్మచెట్టు. ఇక్కడికెల్లి మలుగు. అటు పోకు, అటు నీళ్లొస్తయి."

బండ్లబాట అయిపోయింది. ఎర్రమట్టి తొవ్వ అయిపోయింది. తారురోడ్డు వచ్చింది. అక్కడొక కల్వర్టు. అవ్వ గంపలో చెయ్యి పెట్టింది, చేతికి ఏమీ రాలేదు. గంప దించి, బోర్లించి, అడుగున చరిచింది. కాస్త దుమ్ము లేచింది. లారీ ఒకటి పోయింది, ఆ దుమ్ము కూడా పోయింది.

కాలనీని అవ్వ ఎప్పుడూ చూడలేదు. గుట్టవతలే అన్నారు మగవాళ్లు. గుట్టవతల అంటే మన జొన్నచేను దూరమే అనుకుంది. ఊళ్లోని మలుపుల దగ్గర, నాయిన కళ్లు మూసుకుని తిరగగలిగిన మలుపుల దగ్గర, పిడికెడు పిడికెడు పోసింది. తెలియని తొవ్వ ఇక్కడే మొదలైంది, మట్టి ఇక్కడే అయిపోయింది.

"ఇంకెంత దూరమున్నది పిల్లా?"

అమ్మ గుట్ట వైపు చూసింది. "శానా ఉన్నదత్తా."

అవ్వ రోడ్డు పక్కన కూలబడింది. గంపను ఒళ్లో పెట్టుకుంది. "ఈడ దాక వస్తడు. ఈడికొచ్చి ఎటు పోవాల్నో తెల్వక నిలవడతడు. లారీలు తిరిగే జాగల నిలవడతడు నా కొడుకు." అప్పుడు ఏడ్చింది. నాయిన పోయిననాడు కూడా అట్లా ఏడవలేదు. రోడ్డు మీద పోయేవాళ్లు బండ్లు ఆపి చూసేంతగా ఏడ్చింది.

అమ్మ కొంగుముడి విప్పింది. అందులో జాజుగడ్డ ఉంది. బూబమ్మ వచ్చిననాటి నుంచీ ఆ ముడిలోనే ఉంచుకుందేమో. అరచేతిలో పెట్టుకుని అవ్వ వైపు చూసింది. అవ్వ జాజు వైపు చూసింది.

"ఎయ్యి" అంది అవ్వ.

"ఏడాది కాలే గదత్తా."

"ఎయ్యంటున్న. టైరుకు గాలి లేకుండ ఎయ్యి. లేకపోతె వాడు నమ్మడు."

అమ్మ జాజుగడ్డను ఉమ్మితో తడిపి కల్వర్టు గోడ మీద బండి గీసింది. ఏడాదిగా గోడ ముట్టని చేయి. కానీ టైరు అణిగే వచ్చింది. లేచి నడిచాం. కరెంటు స్తంభం మీద ఒకటి. కిలోమీటరు రాయి మీద ఒకటి. అవ్వ ముందర నడుస్తూ "ఇక్కడ, ఇక్కడ మలుపున్నది" అని చూపిస్తుంటే అమ్మ మోకాళ్ల మీద కూర్చుని గీస్తూ వచ్చింది. ఒక ఆటో అతను ఆపి తొంగి చూశాడు.

"ఏం పార్టీ గుర్తమ్మా గిది? బండి గుర్తు ఎవరిది?"

"మా ఇంటి పార్టీ" అంది అవ్వ. "నీకెందుకు, పో."

కాలనీలో ఇళ్లన్నీ ఒకే వరుస, ఒకే రంగు, ఒకే తలుపు. మా ఇల్లు ఏదో మాకే తెలియలేదు. ట్రాక్టరు ఆగిన చోటే మాది అనుకున్నాం. అమ్మ చేతిలో జాజు గోరంత మిగిలింది. దానితో గడప పక్క సిమెంటు గోడ మీద చిటికెన వేలంత బండి వేసింది. బస్తాలకు చోటు లేదు.

ఆ సాయంత్రమే వాన పట్టింది. సామాను మధ్యన, తలుపు తెరుచుకుని ఇద్దరూ వాన చూస్తూ కూర్చున్నారు. తుమ్మ బంక లేని జాజు. ఉమ్మితో గీసిన గీతలు.

"గట్టిగనే కొడుతుందా పిల్లా?" అంది అవ్వ. ఆమెకు చూపు ఆనదు.

"తుంపర్లే అత్తా. జాజు పోదు."

వాన ఇంట్లోకి కొడుతున్నా తలుపు మూయలేదు.

మాసికం రోజు వచ్చింది. ఆకులో అన్నం, మాంసం కూర, ఆయనకిష్టమైన పల్లీల తొక్కు. కాకి రాలేదు. చెట్లు లేని కాలనీకి కాకి ఎందుకొస్తుంది. మధ్యాహ్నం దాటినాక ఎవరిదో కుక్క వచ్చి తిన్నది. అవ్వ ఖాళీ ఆకు తీసి మడిచింది. సాయంత్రం "ఏడాదైంది. ఇగ జాజు ఎయ్యి పిల్లా, ఎవరేమంటరు" అంది. అమ్మ గోడ వైపు చూసి "ఏ గోడకత్తా?" అంది. ఒకసారి వేసి చూసింది కూడా. ఆ రంగు గోడకు జాజు పట్టలేదు. ఆరగానే పెచ్చులై రాలింది. మళ్లీ ముట్టలేదు.

అవ్వ ప్రతి మాపటేళ అరుగు లేని ఆ ఇంటి మెట్టు మీద కూర్చునేది.

"బండి చప్పుడైందా పిల్లా?"

"మలుపు కాడున్నడత్తా. వస్తున్నడు."

అవ్వ పోయేదాకా ఆ మాట అట్లాగే నడిచింది. పోయేనాడు కూడా అడిగింది. అమ్మ అదే చెప్పింది. ఆ తర్వాత అమ్మను అడిగేవాళ్లు లేరు, చెప్పడానికి ఆమెకూ ఎవరూ లేరు. నా పెళ్లయినాక నా దగ్గరికి తెచ్చుకున్నాను. మా ఆయన షిఫ్టులు మారినట్టే మేం ఇళ్లు మారుతున్నాం. వెనకటి ఇంట్లో కూడా ఓనరు "మీ పాప గేటు మీద గీసింది" అన్నాడు. అప్పుడు నేను చూడకుండానే నీళ్లు కొట్టాను.

మొన్న సాయంత్రం తడిగుడ్డతో గేటు దాటి సందులోకి నడిచాను. సందు చివర కరెంటు స్తంభం మీద బండి. కిరాణా దుకాణం పక్క రాయి మీద బండి. మలుపు దగ్గర పాత గోడ మీద పెద్ద బండి, బస్తాలతో సహా, వెనుక ఒక మనిషితో సహా. మెయిన్ రోడ్డు దాకా ఉన్నాయి. పొద్దున్నే నడకకు పోతున్నానని చెప్పేది మా అమ్మ.

వెనక్కి వచ్చి ఓనరమ్మ చూస్తుండగా గేటు పక్కది తుడిచాను. ఎర్రనీళ్లు మోచేతి దాకా కారాయి. ఆ వాసన జాజుది కాదు, ఉత్త ఇటుక. అయినా నాలుక మీదికి నీళ్లొచ్చాయి.

పైకి వెళ్తుంటే అమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. వేలికొసలు ఎర్రగా ఉన్నాయి, దాచుకోలేదు.

"తుడిచినవా?"

"గేటు కాడిది ఒక్కటే అమ్మా."

కింద సందులో పాలవాని మోపెడ్ వచ్చింది. అమ్మ తల ఎత్తింది. ఆ చప్పుడు మా గేటు దాటి పోయేదాకా అట్లాగే ఉంది.

"మలుపు కాడిది?"

"ఉన్నది."

"అయితే మలుపు దాకనన్న వస్తడు" అంది.